ద్వారబంధం కుడివైపు రాయి

ఛత్తీస్‌గఢ్‌లో చరోదా రైల్వే యార్డు దాటాక, కాలనీకీ పొలాలకీ మధ్య ఒక పాత శివాలయం ఉంది. ఎర్ర ఇసుకరాతి గుడి. రాయి మీద రాయి పేర్చి కట్టారు. మధ్యలో సున్నం లేదు, సిమెంటు లేదు. రాళ్ళ బరువే రాళ్ళను పట్టి ఉంచుతోంది. ముందున్న నీలం బోర్డు మీద అది ఏ శతాబ్దానిదో రాసి ఉంటుంది. కింద నాలుగు నిషేధాలు ఉంటాయి: రాళ్ళ మీద పేర్లు చెక్కకూడదు, దీపాలు పెట్టకూడదు, నూనె, పసుపు, సిందూరం పూయకూడదు, విగ్రహాలు ఎక్కకూడదు. నాలుగూ రోజూ జరుగుతూనే ఉంటాయి.

రెండేళ్ళ కిందట ఆ గుడి పక్కనుంచి పోయే రోడ్డును వెడల్పు చేశారు. పని జరిగినన్నాళ్ళూ గుడికి ఏమీ కాకుండా కనిపెట్టి ఉండే బాధ్యతను ఒక చిన్న కన్సల్టెన్సీకి అప్పగించారు. నేను అందులో కొత్తగా చేరిన సివిల్ ఇంజినీర్ని. ఇల్లు దగ్గర్లోనే, స్టీల్ ప్లాంట్ పక్కనున్న మరోదాలో కనుక రోజూ మోటార్ సైకిల్ మీద వెళ్ళి రావచ్చని నన్ను వేశారు.

నా పనులు మూడు. రోలర్లు, టిప్పర్లు తిరిగేటప్పుడు నేల ఎంత అదురుతోందో కొలిచే యంత్రాన్ని గుడి పునాది పక్కన పెట్టి అంకెలు తీసుకోవడం మొదటిది. పని మొదలవకముందే గుడిలో ఎక్కడెక్కడ పగుళ్ళున్నాయో ఫొటోలు తీసి పెట్టుకోవడం రెండోది. ఆ పగుళ్ళు పెరుగుతున్నాయా లేదా అని చూడటం మూడోది. ఈ మూడోదానికి మంచి పరికరాలు ఉన్నాయి గానీ మాకు అందుబాటులో ఉన్నది పాత పద్ధతి. పగులుకి అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో వేలెడు వెడల్పున ఒక పట్టీ వేస్తాం. ఆరాక దాని మీద తేదీ రాస్తాం. ప్లాస్టర్ సాగే వస్తువు కాదు. కింద పగులు వెంట్రుకవాసి తెరుచుకున్నా పట్టీ చిట్లుతుంది. పని అయిపోయాక రాయికి మచ్చ పడకుండా పట్టీని ఒలిచేయవచ్చు. దుర్గ్ నుంచి పురావస్తు అధికారి వచ్చి, దగ్గర నిలబడి, ఎక్కడెక్కడ వేయాలో చూపించాకే వేశాను.

ఆ అధికారి ఒక మేడమ్. నడివయసు, తక్కువ మాట్లాడే మనిషి. వెనక గోడ మీద, మండపంలో మూడు చోట్లు త్వరగానే చూపించి, గర్భగుడి ద్వారం దగ్గర ఆగిపోయారు. ఆ ద్వారానికి తలుపులు లేవు. రాతి ద్వారబంధం ఉంది. రెండు నిలువు రాళ్ళు, కింద గడప, పైన అడ్డంగా ఒక పెద్ద రాయి. నిలువు రాళ్ళ మీద తీగలు, నాట్యం చేస్తున్నవాళ్ళు, చిన్న చిన్న ఏనుగులు. కుడివైపు నిలువు రాయి అడుగున, మోకాలి ఎత్తు నుంచి గడప దాకా ఏటవాలుగా ఒక పగులు. ఆమె తన అరచేతిని ఏటవాలుగా పెట్టి, రెండో చేతిని దాని మీదుగా జార్చి చూపించారు. ఈ ముక్క ఇలా బయటికి జారితే పైరాయికి ఒకవైపు ఆనిక పోతుంది. పైరాయి మీదే శిఖరం రాళ్ళు కూర్చుని ఉన్నాయి. పడిపోతే తిరిగి కట్టలేమా అని అడిగాను. కట్టవచ్చు, కానీ అప్పుడది మన గుడి అవుతుంది, మొదట కట్టినవాళ్ళది కాదు అన్నారు హిందీలో. నాలుగో పట్టీ ఆ పగులు మీద, గడపను ఆనుకుని వేశాను.

మొదటి వారం పట్టీలు చూడటానికి వెళితే మూడు తెల్లగా ఉన్నాయి, నాలుగోది సగం పసుపు పచ్చగా ఉంది. ఎవరో గడపకి నిండుగా పసుపు రాసి, చేతిలో మిగిలింది పట్టీకి కూడా పట్టించారు. తేదీ అంకెలు పసుపు కింద మసకగా కనిపిస్తున్నాయి. గుడి కాపలాదారుని అడిగాను. అతను ఆ చుట్టుపక్కల ఊరివాడే. జనం వస్తుంటారు సాహెబ్, ఎవరని చెప్పను అని యార్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. అతను అంతకంటే ఎక్కువ చెప్పకపోవడానికి కారణం ఆ రాత్రి భోజనాల దగ్గర తెలిసింది.

"ఎవరో నా పట్టీకి పసుపు పూసేశారమ్మా," అన్నాను. "బోర్డు అంత పెద్దగా పెట్టారు. చదవరా వాళ్ళు?"

అమ్మ చారు పోస్తూ, "నేనే పూసినాను. బోర్డు హిందీలో ఉంది," అంది.

"ముప్పై ఏళ్ళబట్టి బజార్లో హిందీలోనే దెబ్బలాడుతున్నావు కదే," అన్నారు నాన్న.

"దెబ్బలాటకి చదువు గావాలేటి?"

నాన్న స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. అమ్మ శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి పెళ్ళయి సరాసరి ప్లాంట్ క్వార్టర్‌కి వచ్చింది. ఆ క్వార్టర్ గురించి ఆమె చెప్పే ఫిర్యాదులు నాకు వరసగా తెలుసు. వంటగది చిన్నది, కుళాయి వేళకి రాదు, అన్నిటికంటే ముఖ్యం, వీధి గుమ్మానికి గడప లేదు. ఇనప చట్రం, లోపలా బయటా ఒకటే ఎత్తు నేల. కొత్తలో ఆమె గుమ్మంలో నేల మీదే పసుపు గీత గీసి కుంకుమ బొట్లు పెట్టేదట. సాయంత్రానికి నాన్న బూట్ల కిందా, పాలవాడి చెప్పుల కిందా పడి చెరిగిపోయేది. కొన్నాళ్ళకి మానేసింది. తర్వాత మా పిన్నిని చరోదాలో రైల్వే ఉద్యోగికి ఇచ్చారు. ఒక సోమవారం పిన్ని ఆమెను ఈ గుడికి తీసుకెళ్ళింది. ఇక్కడి ఆడవాళ్ళు లింగానికి నీళ్ళు పోస్తారు, నందికి నారింజ రంగు సిందూరం పెడతారు. గడప సంగతి ఎవరికీ పట్టదు. అమ్మకి మొదట కనబడింది గడపే. జానెడు ఎత్తు రాతి గడప, మధ్యలో పద్మం, వట్టిగా ఉంది. అప్పటినుంచి సోమవారం సోమవారం ఒక చిన్న స్టీలు డబ్బాలో పసుపు కలుపుకుని వెళుతోంది. ఆమె సోమవారాలు పిన్ని దగ్గరికి వెళుతుందని నాకు తెలుసు. అక్కడేం చేస్తుందో నేనెప్పుడూ అడగలేదు.

పట్టీ ఎందుకు వేశానో, అది చిట్లితే దాని అర్థం ఏమిటో కంచం ముందే వివరించాను. పసుపు పూస్తే సన్నగీత కనబడకుండా పోవచ్చని చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, పట్టీ ముట్టుకోనని ఒప్పుకుంది. మర్నాడు పట్టీ మీది పసుపు గీకి తీసి, తేదీ మళ్ళీ రాశాను.

రోడ్డు పని చేస్తున్న కంపెనీ సైట్ మేనేజర్ గుంటూరు వైపు మనిషి. ఛత్తీస్‌గఢ్‌లో తెలుగు మాట్లాడే కుర్రాడు దొరికాడని నన్ను మొదటి రోజే తమ్ముడూ అన్నాడు. నా తెలుగు వింటే మాత్రం నవ్వేవాడు. నేను "ఏటి" అన్నప్పుడల్లా "ఏ ఏరు తమ్ముడూ, కొల్లేరా, చెయ్యేరా?" అని అడిగేవాడు. మధ్యలో నాకు తెలియకుండానే హిందీ దొర్లితే "ఇది ఏ జిల్లా తెలుగు?" అనేవాడు. సైట్ ఆఫీసుగా పెట్టుకున్న రేకుల డబ్బాలో గ్యాస్ పొయ్యి మీద స్వయంగా పప్పుచారు కాచుకుని, నేనుంటే నాకూ పెట్టేవాడు. అతని చింత ఒక్కటే, వాన. రోడ్డు అడుగున పరిచే కంకర పొరను రోలర్‌తో గట్టిగా తొక్కించాలి. తొక్కించకముందు వాన పడి నాని పోతే తవ్వి తీసి మళ్ళీ పరవాలి. అన్ని వైపులా పని ముగించుకుంటూ వచ్చి, గుడి పక్క ముక్కను చివరికి అట్టిపెట్టాడు. అప్పటికే ఎండలు మండుతున్నాయి. మధ్యాహ్నాలు పడమటి ఆకాశంలో మబ్బులు కూడి, విడిపోతున్నాయి.

ఆ రోలర్‌కి రెండు రకాల నడక ఉంటుంది. తన బరువుతో తొక్కుతూ పోవడం ఒకటి. లోపలి మోటారుతో డ్రమ్మును అదిరిస్తూ పోవడం రెండోది. అదిరిస్తే పని త్వరగా అవుతుంది. గుడి పక్క తక్కువ అదురుతో నడపవచ్చని, నా యంత్రంలో అంకె హద్దు దాటితే వెంటనే ఆపాలని ముందే ఒప్పందం. ఒక మంగళవారం ఆ ముక్క పని మొదలుపెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా యంత్రం పక్కనే కూర్చున్నాను. అంకె ఒక్కసారి కూడా హద్దు దాటలేదు. సగానికి పైగా దూరం అయిపోయింది. మేనేజర్ వచ్చి నా అంకెలు చూసి, రేపటితో మీ శివుడికీ నాకూ లెక్క చెల్లు అన్నాడు.

పట్టీలను వారానికోసారి, శనివారం, చూడాలన్నది మా ప్రణాళిక. కానీ బుధవారం పొద్దున యంత్రాన్ని రెండో మూలకి మార్చాలని పెందలాడే వెళ్ళి, ఎలాగూ వచ్చాను కదా అని ద్వారం దగ్గరికి పోయి చూశాను. గడపకి పసుపు మెరుస్తోంది. పట్టీ మీద కూడా అడుగున రెండు వేళ్ళ మేర పసుపు. ముందు విసుగొచ్చింది. ఇంతలో ఆ పసుపులో ఒక తెల్లటి గీత కనిపించింది. టార్చి వేసి, మొహం దగ్గరగా పెట్టి చూశాను. పట్టీ చిట్లింది. గీత కింద రాతిలోని పగులు ఎటు వాలి ఉందో అటే వాలి ఉంది.

ఫొటోలు తీసి మేనేజర్ని పిలిచాను. రోలర్ అప్పటికే స్టార్ట్ చేసి ఉంది. పావుగంట ఆపమన్నాను. అతను వచ్చి, నడుము వంచి చూసి, లేచి నిలబడి, కోపం లేకుండానే తన వాదన చెప్పాడు. నీ యంత్రం అంకెలు నువ్వే చూశావు, హద్దులోపలే ఉన్నాయి. ఇది ప్లాస్టర్, ఎండకి కాలిన రాయి మీద వేశావు, ఆరిపోయి తనంతట తనే చిట్లుతుంది. లేదా ఎవరో చెంబు తగిలించారు. నువ్వు ఆఖరిసారి చూసింది ఎప్పుడు?

"శనివారం," అన్నాను.

"శనివారం నుంచి ఇవాళ్టి దాకా నాలుగు రోజులు. నా రోలర్ తిరిగింది నిన్న ఒక్కరోజు. ఆదివారం చిట్లిందో, సోమవారం చిట్లిందో. నిన్నే చిట్లిందని ఎట్టా చెబుతావు?"

అతని ప్రశ్న న్యాయమైనది. అంకెలు హద్దులో ఉన్నా రాయి కదలవచ్చు. గ్లాసులో చెంచా వేసి ఉంచితే, బల్ల కొంచెం అదిరినా చెంచా గలగలలాడుతుంది. నా యంత్రం ఉన్నది బల్ల మీద. చీలిన ముక్క చెంచా లాంటిది. కానీ అది ఇలా అయి ఉండవచ్చు అనడానికి పనికొస్తుంది తప్ప, ఇలాగే అయింది అనడానికి చాలదు. చెంబు తగిలి ఉంటే ఒకచోట పెచ్చు లేచి ఉండాలి. అది లేదు. ఎండకి ఆరి చిట్లితే గీత పగులు వాలునే పట్టుకుని పోవాల్సిన పని లేదు. అది కూడా చెప్పాను. ఎప్పుడు చిట్లిందన్నది మాత్రం ఇంకా తేలలేదు.

మళ్ళీ వంగి చూశాను. ఈసారి గీతను కాదు, పసుపును. అమ్మ పసుపును పల్చగా, నీళ్ళగా కలుపుతుంది. అలాంటి పసుపు చిట్లిన ప్లాస్టర్ మీద పడితే ముందు ఆ గీతలోకే దిగుతుంది. గీత చుట్టూ ఉన్న దానికంటే ముదురుగా కనబడాలి. ఇక్కడ గీత తెల్లగా ఉంది. రెండు అంచులూ పసుపుగా, మధ్యలో ప్లాస్టర్ తెల్లగా. అంటే పసుపు ఆరిపోయాక చిట్లింది.

కాపలాదారుని పిలిచి, ఈ పసుపు ఎప్పటిదని అడిగాను. ఇక దాచి లాభం లేదనుకున్నాడు. సోమవారం పొద్దున అమ్మగారు పూశారనీ, "జాదా ఝన్ లగాబే దీదీ", ఎక్కువ పూయకు దీదీ అని తను చెబుతూనే ఉన్నాననీ అన్నాడు. అక్కడినుంచే అమ్మకి ఫోన్ చేశాను.

"పట్టీ ముట్టుకోనన్నావు కదా."

"ముట్టుకోలేదు. గడపకే పూసినాను. అది గడప మీదకి వచ్చి కూకుంటే నానేటి చేతును?"

"సోమవారం పొద్దున్నే కదా? ఆ తర్వాత మళ్ళీ పూయలేదు కదా?"

"వారానికి ఒక్కపాలే కదేటి ఎల్తాను. ఏటయింది?"

ఫోన్ పెట్టేసి మేనేజర్‌కి గీత చూపించి, నేను అనుకున్నది చెప్పాను. అతను వంగి గీతనే చూశాడు. గోటితో గీయబోయి, నన్ను చూసి మానేశాడు. అతను కూడా ఇంజినీరే. అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. రోలర్‌ని ఆఫ్ చేయించి, నన్ను తన రేకుల డబ్బాలోకి తీసుకెళ్ళి టీ ఇచ్చాడు.

"సరే, నిన్ననే చిట్లింది. ఒప్పుకుంటా," అన్నాడు. "కానీ మేడమ్ ముందు ఈ మాట చెప్పాలంటే పసుపు ఎవరు పూశారో చెప్పాల. రక్షిత కట్టడానికి పసుపు పూసిందెవరయ్యా అంటే కాపలా ఇంజినీరు గారి అమ్మగారు. పెద్దావిడ పేరు ఫైలెక్కుద్ది. గుడికి కంచె వేసి జనాన్ని రానియ్యరు. ఆలోచించుకో తమ్ముడూ. పట్టీ ఎండకి చిట్లిందని రాస్తే కొత్త పట్టీ వేస్తావు, నేను మిగిలిన ముక్క ఇంకా మెల్లగా తొక్కిస్తా. రెండు పూటల పని."

నన్ను బెదిరించలేదు. అతను చెప్పినవన్నీ జరిగే అవకాశం ఉన్నవే. రెండు పూటల పనిలో ఏమీ కాకపోనూ వచ్చు. మేడమ్ అరచేతి మీదుగా చెయ్యి జార్చి చూపించినదే నాకు మళ్ళీ మళ్ళీ కళ్ళముందుకి వచ్చింది. మేడమ్‌కి ఫోన్ చేసి, పట్టీ చిట్లిందని, పని ఆపించానని, ఆవిడ వచ్చాక కారణం చూపిస్తానని మాత్రం చెప్పాను. మర్నాడు మధ్యాహ్నం వస్తానన్నారు.

సాయంత్రం ఇంటికి వచ్చి అమ్మకి అంతా వరసగా చెప్పాను. ఆమె మెంతికూర తుంచుతోంది. నేను చెప్పాల్సినవి మూడు. రాయి కదిలిందనడానికి ఆమె పసుపే సాక్ష్యం. అది చెప్పాలంటే ఆమె పేరు చెప్పాలి. చెప్పాక ఆ గడప దగ్గరికి ఆమెను ఇక వెళ్ళనివ్వకపోవచ్చు. నాన్న టీవీ గొంతు తగ్గించి వింటున్నారు.

"జైల్లో పెడతారేటి?" అంది.

"లేదమ్మా."

"ఫైన్ వేస్తే నేను కట్టను. మీ నాన్న కడతారు."

"నేనా?" అన్నారు నాన్న. "పసుపు పూసింది నువ్వు, పట్టీ వేసింది వాడు. నేను ఆ గుడి మొహం చూసి పదేళ్ళయింది."

ఆమె నవ్వలేదు. కాడలన్నీ ఒక పక్కకి తోసి అడిగింది.

"రాయి నిజంగానే కదిలిందేటి?"

"కదిలింది."

"మళ్ళీ ఆ బండి తిరిగితే?"

"ఏమీ కాకపోవచ్చు. లేదా ఆ ముక్క జారవచ్చు. జారితే ద్వారమంతా పోతుంది."

"ఐతే చెప్పీ," అంది. తర్వాత మెంతికూర గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు మేడమ్ వచ్చారు. నేను ఫొటోలు, గీత, పసుపు, మంగళవారం అంకెలు వరసగా చూపించి, పసుపు పూసింది మా అమ్మ అని చెప్పాను. మేడమ్ నావైపు ఒకసారి, బోర్డు వైపు ఒకసారి చూశారు. కోపం కనబడలేదు. ఆమెను ఇక్కడికి పిలవగలరా అని అడిగారు.

అమ్మ పిన్ని ఇంట్లోనే ఉంది. పిలుస్తారని ముందే అనుకుని పొద్దున్నే వచ్చి కూర్చుందని తర్వాత తెలిసింది. ఇద్దరూ ఆటోలో వచ్చారు. అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. మేడమ్ హిందీలో అడిగిన వాటికి హిందీలోనే జవాబు చెప్పింది. సోమవారం ఎన్ని గంటలకి వచ్చింది, ఎలా పూసింది, ఎక్కడినుంచి ఎక్కడిదాకా. అప్పుడు పట్టీ మీద గీత ఉందా అని అడిగినప్పుడు లేదంది. పక్కన నిలబడ్డ మేనేజర్, మర్యాదగానే, తెలుగులో అందుకున్నాడు.

"అమ్మా, ఏమనుకోవద్దు. వెంట్రుకంత గీత. మీకు ఈ వయసులో, అందులో గుడి లోపలి చీకట్లో, కనబడుద్దా?"

"కళ్ళతో పూయలేదు బాబూ. వేలితో పూసినాను," అంది అమ్మ. "గీత ఉంటే వేలికి తగలదా?"

నేను దాన్ని హిందీలోకి మార్చి చెప్పాను. మేడమ్ తన చూపుడు వేలిని గీత మీదుగా, అంటీ అంటనట్టు, ఒకసారి నడిపి చూసుకున్నారు. తర్వాత మేనేజర్ వైపు తిరిగి, మీకింకేమైనా అడగాలని ఉందా అన్నారు. లేదన్నాడు.

నిర్ణయం అక్కడే, మండపం మెట్ల మీద కూర్చుని చెప్పారు. గుడి పక్క ముక్కలో రోలర్ అదురు పూర్తిగా బంద్. పల్చటి పొరలుగా పరిచి, బరువుతోనే, ఎక్కువసార్లు తొక్కించాలి. పైరాయి కింద రెండు వైపులా సాల చెట్టు దుంగలతో ఆసరా పెట్టాలి. ద్వారానికి ముందు, చెయ్యి చాచినా అందనంత దూరంలో కంచె. రోజుకి ఒకసారి పూజారి ఒక్కరే లోపలికి. రాయిని బాగుచేసే దాకా అంతే.

ఆ తర్వాత అమ్మను ద్వారం దగ్గరికి తీసుకెళ్ళి గడప ఎడమ కొస చూపించారు. అక్కడ ఇసుకరాయి పొరలు పొరలుగా లేచి, పద్మం రేకులు రెండు అరిగి ఉన్నాయి. తడి పసుపూ నూనే రాతిలోకి దిగి, ఆరినప్పుడల్లా పైపొరను లేపుతాయని మెల్లగా చెప్పారు. ఇది ఒక్క మీవల్ల కాదు, వందల ఏళ్ళుగా జరిగింది అని కూడా అన్నారు. అమ్మ ఆ రేకుల్ని చూసి తలూపింది. ఇన్నేళ్ళుగా తను శుభ్రంగా ఉంచుతున్నాననుకున్న రాయి అది. పిన్ని ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

నివేదికలో అమ్మ పేరు ఉంది. నేనే రాశాను. ఆ నివేదిక మీద ఇప్పటిదాకా ఎవరూ ఏ ప్రశ్నా అడగలేదు. కాపలాదారుకి మాత్రం నోటిమాటగా ఒక హెచ్చరిక అందింది. ఆ తర్వాత కొన్నాళ్ళు అతను నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. దసరాకి పిన్ని అతన్నీ భోజనానికి పిలిస్తే వాళ్ళింట్లో కలిశాం, అప్పుడు మళ్ళీ మామూలుగా పలకరించాడు.

మేనేజర్ మేడమ్ చెప్పినట్టే చేశాడు. డ్రైవర్ పక్కనే నడుస్తూ, అదురు స్విచ్ మీద టేపు అంటించి, పొర పొరా తొక్కించాడు. రెండు పూటల పని తొమ్మిది రోజులు సాగింది. ఎనిమిదో రోజు మధ్యాహ్నం వాన పడనే పడింది. చివర మిగిలిన ముక్క నాని బురదైంది. నన్ను పిలిచి, గొడుగు కింద నిలబెట్టి చూపించాడు.

"చూడు తమ్ముడూ. అభిషేకం మీ శివుడికి జరగాల. నా కంకరకి జరిగింది."

తవ్వి తీసి మళ్ళీ పరిపించాడు. వాళ్ళ పై ఆఫీసు నుంచి అతనికి చీవాట్లు పడ్డాయని రేకుల డబ్బాలోని మిగతావాళ్ళు చెప్పారు. నాతో ఆ మాట అనలేదు. వెళ్ళిపోయే రోజు తన గ్యాస్ పొయ్యిని కాపలాదారుకి ఇచ్చి, నాకు ఒక సీసా గోంగూర పచ్చడి ఇచ్చి పోయాడు.

చిట్లిన పట్టీకి జానెడు పైన, అదే పగులు మీద, మేడమ్ సమక్షంలో కొత్త పట్టీ వేశాను. మిగిలిన తొమ్మిది రోజులూ దాన్ని పొద్దునా సాయంత్రమూ చూశాను. రోడ్డు తెరిచి బస్సులూ లారీలూ తిరగడం మొదలయ్యాక నెలకోసారి చూస్తున్నాను. నా కాంట్రాక్టు ఎప్పుడో ముగిసింది. మేడమ్ అడిగారని, ఇల్లు దగ్గరని వెళుతుంటాను. అది చిట్లలేదు. రాయికి మరమ్మతు ఎప్పుడంటే, రాజస్థాన్ వైపు నుంచి పనివాళ్ళు రావాలంటారు, అనుమతులంటారు. దుంగలూ కంచే అలాగే ఉన్నాయి.

అమ్మ సోమవారాలు మానలేదు. స్టీలు డబ్బా మాత్రం తీసుకెళ్ళదు. మొన్న శ్రావణంలో ఒక సోమవారం నేనే దించాను. జనం కంచె దగ్గర వరసగా నిలబడి, పూజారికి నీళ్ళ చెంబులు అందిస్తున్నారు. అమ్మ కంచె పట్టుకుని, మునివేళ్ళ మీద లేచి, ఇటు వంగి, అటు వంగి చూసింది. గర్భగుడి నేల లోతుగా ఉంటుంది. కంచె దగ్గరినుంచి చూస్తే లింగం గడప వెనక మరుగైపోతుంది.

"ఇక్కడినుంచి స్వామి కనబడటం లేదురా," అంది. "దుంగలూ, ద్వారమే కనబడుతున్నాయి."

"ద్వారం బాగానే కనబడుతోంది కదమ్మా," అన్నాను.

"ఆ. అది కనబడాలనే కదేటి ఇదంతా," అంది. చెంబు పూజారికి అందించి, ఖాళీ చెంబు తిరిగి వచ్చేదాకా నిలబడి, ఇక పద, పిన్ని ఎదురుచూస్తుంటాది అంది.